చిన్న ఇంట్లో పెద్ద ప్రశ్న

మా ఇంట్లో రాత్రి భోజనాలయిన తరువాత అరగంటసేపు ఏదైనా పుస్తకం చదవటం అలవాటు. చదివేవాణ్ణి నేను. వినేది మా అమ్మాయి, దానికి తొమ్మిదేళ్ళు. వింటున్నట్టు కనిపించకుండా వినేది మా ఆవిడ. మరునాటికి చిక్కుడుకాయలు ఒలుచుకొంటూనో, బట్టలు మడత పెట్టుకొంటూనో ఆ గదిలోనే మసలుతూ ఉంటుంది. కథ మంచి పట్టుమీద ఉన్నప్పుడు నేను మంచినీళ్ళకని ఆగితే, "ఊఁ, తరువాత?" అనే కంఠం చాలాసార్లు అమ్మాయిది కాదు.

నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. ఇంగ్లీషు పిల్లల నవలల జోలికి పోవలసిన అవసరం నాకు ఎన్నడూ రాలేదు. కాని పోయిన వేసవి సెలవుల్లో మా అమ్మాయి బడి లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. లారా ఇంగాల్స్ వైల్డర్ అనే అమెరికను రచయిత్రి రాసిన 'లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ'. ప్రెయిరీ అంటే కనుచూపు మేర గడ్డి తప్ప మరొకటి లేని మహా బయలు. ఆ బయలులో ఒక చిన్న ఇల్లు. ఆ ఇంట్లో అమ్మా, నాన్నా, ముగ్గురు ఆడపిల్లలూ, గుమ్మంలో ఒక కుక్కా. ఇంగ్లీషు వాక్యం కళ్ళతో చూస్తూ, నోటితో తెలుగు చెబుతూ, రోజుకొక అధ్యాయం చొప్పున మొదలుపెట్టాను.

కొన్నాళ్ళకు, లారా వాళ్ళ నాన్న మంచి చోటు చూసుకొని బండి నిలిపే ఘట్టం వచ్చింది. మా అమ్మాయి దిండు మీది నుంచి తల ఎత్తి అడిగింది:

"నాన్నా, ఆ స్థలం ఎవరిది?"

"ఎవరిదీ కాదమ్మా. ఖాళీ బయలు."

"మరి అక్కడ ఇండియన్లు ఉంటారని మొన్న నువ్వే చదివావుగా? వాళ్ళని అడిగారా?"

గడియారం వంక చూశాను. తొమ్మిదిన్నర దాటింది. "పొద్దుపోయింది, పడుకో తల్లీ" అన్నాను.

ఆ ప్రశ్న అంతటితో పోలేదు. ఆ సంగతి తరువాత చెబుతాను. ముందు, తొంభై ఏళ్ళుగా దేశదేశాల పిల్లలు ఈ పుస్తకాన్ని ఎందుకు వదిలిపెట్టటం లేదో చెప్పాలి.

గూడుబండిలో సంసారం

అమెరికాలో విస్కాన్సిన్ అనే రాష్ట్రం. అక్కడి పెద్ద అడవిలో ఛార్లెస్ ఇంగాల్స్ కుటుంబం కాపురముంటున్నది. అడవిలోకి జనం ఎక్కువగా వస్తున్నారనీ, వేటజంతువులు తగ్గిపోతున్నాయనీ ఆయనకు విసుగు పుడుతుంది. ఇల్లు అమ్మేసి, సామానంతా ఒక గూడుబండిలో సర్ది, భార్యాబిడ్డలతో పడమటి దిక్కుకు బయలుదేరుతాడు. శీతాకాలం చివరి రోజులు. నది గడ్డకట్టి ఉన్నప్పుడే దాని మీదుగా బండి తోలుకొని దాటాలి. దాటిన రాత్రే మంచు పగిలే చప్పుడు వినిపిస్తుంది. ఒక్క రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో ఆ చప్పుడే చెబుతుంది.

దారిలో ఒక వాగు పొంగుతుంది. గుర్రాలు ఈదుతూ బండిని లాగుతాయి. బండి వెంట నడిచి వస్తున్న జాక్ అనే కుక్క కనిపించకుండా పోతుంది. ఆ రాత్రి నెగడి అవతల చీకట్లో రెండు పచ్చని కళ్ళు మెరుస్తాయి. తోడేలేమోనని నాన్న తుపాకి ఎత్తుతాడు. తీరా చూస్తే జాక్! ఈ ఘట్టం చదివిన రోజు మా ఆవిడ చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టేసి, "ఆ కుక్కకేమైనా అయిందంటే ఇక ఈ పుస్తకం చదవక్కరలేదు" అని ముందే చెప్పింది.

ఇక ఇల్లు కట్టటం మొదలవుతుంది. నా మటుకు నాకు పుస్తకంలో అన్నిటికంటె ఇష్టమైన భాగం ఇదే. ఇటుకా సున్నమూ లేవు. మేస్త్రీ లేడు. వాగు ఒడ్డున చెట్లు కొట్టి, దుంగలు ఈడ్చుకువచ్చి, ఒకదానిమీద ఒకటి పేర్చి గోడలు లేపాలి. భార్య ఒక కొస పట్టుకొంటే భర్త ఒక కొస పట్టుకొంటాడు. ఒక దుంగ జారి ఆమె కాలి మీద పడుతుంది. నేలలో చిన్న గుంట ఉండబట్టి ఎముక విరగకుండా బయటపడుతుంది. రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఎడ్వర్డ్స్ అనే బ్రహ్మచారి వచ్చి చెయ్యి వేస్తేగాని గోడలు పూర్తికావు. తలుపు బిగించేదాకా గుమ్మానికి ఒక బొంతే అడ్డం. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక రాత్రి తోడేళ్ళు ఇంటిచుట్టూ వలయంగా కూర్చొని మోరలెత్తి కూస్తాయి. మరునాడు నాన్న చేసే మొదటి పని తలుపు. మేకులు లేవు, చెక్క మేకులే చెక్కుతాడు. గడియకు కట్టిన తోలు తాడు ఒక రంధ్రంలోనుంచి బయటికి వేలాడుతుంది. పగలు ఆ తాడు లాగి ఎవరైనా లోపలికి రావచ్చు. రాత్రి దానిని లోపలికి లాగేసుకొంటే ఇల్లు భద్రం.

ఈ పనులన్నీ రచయిత్రి ఎంత విపులంగా చెబుతుందంటే, చదివినవాడు గొడ్డలి చేతికిస్తే ఇల్లు కట్టగలననుకొంటాడు. బావి తవ్వే ఘట్టమూ అంతే. రోజూ పొద్దున్నే బావిలోకి దిగేముందు, బక్కెట్టులో వెలిగించిన కొవ్వొత్తి పెట్టి కిందికి వదులుతారు. దీపం వెలుగుతూ ఉంటే దిగవచ్చు. ఆరిపోతే విషవాయువు ఉన్నట్టు. సాయానికి వచ్చిన పొరుగాయనకు ఇదంతా పిచ్చిపనిగా తోచి, ఒకనాడు కొవ్వొత్తి లేకుండానే దిగి స్పృహ తప్పుతాడు. లారా తండ్రి ప్రాణాలకు తెగించి దిగి ఆయనను తాడుకు కట్టి పైకి వస్తే, భార్యాభర్తలిద్దరూ గిలక తిప్పి లాగుతారు. మన ఊళ్ళలో పాడుబావుల్లో దిగి పోయినవారి వార్తలు పత్రికల్లో చూసినప్పుడల్లా నాకు ఈ కొవ్వొత్తి గుర్తుకు వస్తున్నది.

క్రిస్మస్ పండుగ అధ్యాయం చదివేటప్పుడు నా గొంతే సరిగా పలకలేదు. ఆ ఏడు వాగు పొంగి ఉన్నది, పిల్లలకు కానుకలు వచ్చే దారి లేదు. ఎడ్వర్డ్స్ బట్టలు తలకు కట్టుకొని, ఆ చలినీళ్ళలో ఈదుకొంటూ కానుకలు తెస్తాడు. ఏమిటా కానుకలు? పిల్లకు ఒక రేకు గ్లాసు, ఒక పిప్పరమెంటు కడ్డీ, ఒక చిన్న కేకు, ఒక కొత్త పెన్నీ నాణెం. అంతే. ఆ పిల్లలు వాటిని చూసుకొని మురిసిపోయిన తీరు చదివాక, మా అమ్మాయి తన బొమ్మల బీరువా వంక ఒకసారి చూసి ఏమీ మాట్లాడలేదు.

చలిజ్వరమూ, సికింద్రాబాదూ

వేసవిలో ఇంటిల్లిపాదికీ చలిజ్వరం తగులుతుంది. లేచి మంచినీళ్ళిచ్చే దిక్కుండదు. ఎక్కడినుంచో ఒక నీగ్రో డాక్టరు వచ్చి చేదుమందు పోసి వాళ్ళను బతికిస్తాడు. ఆయన కల్పిత పాత్ర కాదు. డాక్టర్ జార్జ్ టాన్ నిజంగా ఆ చుట్టుపక్కల వైద్యం చేసిన మనిషి. ఆయన సమాధి కాన్సస్ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ పట్టణంలో ఇప్పటికీ ఉన్నది. ఆ జ్వరం పుచ్చకాయలు తినటంవల్ల వచ్చిందని ఒక పొరుగావిడ గట్టిగా నమ్ముతుంది. వాగు పక్కన దోమలు మాత్రం గుంపులు గుంపులుగా ఉంటాయి.

ఇక్కడ మనకొక చుట్టరికం ఉన్నది. మలేరియా సూక్ష్మజీవి దోమ కడుపులో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టినది 1897 ఆగస్టు 20వ తేదీన, మన సికింద్రాబాదులో. ఆ కుటుంబం ఆ ఇల్లు విడిచిపోయిన ఇరవై ఆరేళ్ళకు! అప్పటిదాకా కాన్సస్ బయళ్ళలోనూ మన మన్యంలోనూ జనం జ్వరానికి పేర్లు పెట్టారు, గాలినీ నీటినీ పళ్ళనూ తిట్టారు. కారణం చెవి దగ్గరే గుయ్యిమంటున్నా వినిపించుకోలేదు.

అరవై అయిదేళ్ళకు మొదటి పుస్తకం

లారా 1867లో పుట్టి 1957లో పోయింది. మొదటి పుస్తకం 1932లో వచ్చేనాటికి ఆమెకు అరవై అయిదేళ్ళు. ఆర్థికమాంద్యంలో దాచుకొన్న డబ్బు పోయిన రోజులవి. మిస్సోరీ రాష్ట్రంలో చిన్న వ్యవసాయక్షేత్రంలో కూర్చొని, పెన్సిలుతో కాగితాల దస్తాల మీద తన బాల్యం రాసుకొన్నది. ఆమె కూతురు రోజ్ వైల్డర్ లేన్ అప్పటికే పేరున్న రచయిత్రి. తల్లి రాసినదానిని కూతురు ఎంతవరకు దిద్దిందన్న విషయం మీద పండితులు ఇంకా వాదించుకొంటూనే ఉన్నారు. మన 'ప్రెయిరీ' నవల 1935లో వచ్చింది, వరసలో మూడవది. 1974 నుంచి 1983 వరకు టెలివిజన్‌లో ధారావాహికగా కూడా నడిచి ప్రపంచమంతా తిరిగింది.

నిజజీవితంలో ఆ కుటుంబం కాన్సస్‌లో ఉన్నది 1869 నుంచి 1871 వరకు. అంటే లారాకు రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ వయస్సు. నవలలో ఆమె అంతకంటె పెద్దపిల్ల. చంటిపిల్ల క్యారీ నవలలో బండిలోనే ప్రయాణం చేస్తుంది. నిజానికి ఆ పిల్ల 1870 ఆగస్టులో కాన్సస్‌లోనే పుట్టింది. ఇండిపెండెన్స్ పట్టణం నలభై మైళ్ళని నవల అంటుంది. నిజానికి పదమూడు మైళ్ళు. కాబట్టి ఇది జ్ఞాపకం కంటె, తండ్రి ఒళ్ళో కూర్చొని విన్న కథ అనటం ఎక్కువ సబబు. విన్న కథలో చెప్పినవాడి పక్షమే ఉంటుంది. చెప్పనివాడి పక్షం ఉండదు.

అసలు సంగతి ఇక్కడ ఉన్నది.

అది ఎవరి నేల?

"ఇండియన్లు" అన్న మాట మొదటిసారి వచ్చినప్పుడు మా అమ్మాయి, "మనమా?" అని సంబరపడింది. కాదమ్మా, కొలంబస్ దారి తప్పి పెట్టిపోయిన పేరు, వాళ్ళు ఆ దేశపు ఆదివాసులు అని చెప్పాను. ఈ నవలలో ఉన్నవారు ఓసేజ్ తెగవారు.

ఆ భూమి వాళ్ళది. ఇది మన ఊహ కాదు, అమెరికా ప్రభుత్వం సంతకం పెట్టిన మాట. ఒకప్పుడు ఓసేజ్ వారి అధీనంలో ఎంతో విశాలమైన దేశం ఉండేది. 1825లో ఒక ఒప్పందం, 1865లో ఇంకొక ఒప్పందం జరిగి, తరుగుతూ తరుగుతూ కాన్సస్ దక్షిణపు అంచున ఒక పట్టీ మిగిలింది. ఆ మిగిలిన పట్టీలోనే ఇంగాల్స్ కుటుంబం ఇల్లు కట్టుకొన్నది. అమెరికాలో 1862 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ భూమిని సాగుచేసుకొన్న కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చేవారు. కాని ఆ చట్టం ఈ భూమికి వర్తించదు. ఇది ప్రభుత్వ భూమి కాదు గనుక. మన మాటలో చెప్పాలంటే, పట్టా లేదు, కౌలు లేదు, అడిగి తీసుకొన్నదీ కాదు. త్వరలో వీళ్ళను పంపించేస్తారట, ముందుగా వెళ్ళినవాడికి మంచి చోటు దొరుకుతుందట అన్న వదంతిని పట్టుకొని వేలమంది వచ్చి పడ్డారు. వారిలో ఈ ఫిడేలు వాయించే మంచి తండ్రి ఒకడు.

నవలలో ఓసేజ్ మనుషులు ఇంట్లోకి చొరబడి తిండీ పొగాకూ పట్టుకుపోతారు. తల్లి వణికిపోతూ మొక్కజొన్న రొట్టె చేసి పెడుతుంది. చదివే పిల్లకు వాళ్ళు దొంగల్లాగే కనిపిస్తారు. కాని వాళ్ళ వైపు నుంచి చూడండి. తమ నేల మీద ఇల్లు, తమ చెట్ల దుంగలతో గోడలు, తమ వేటబయళ్ళలో ఇతరుల తుపాకులు. తాము తీసుకొన్న రొట్టెను వాళ్ళు అద్దెగానే భావించారని కొందరు చరిత్రకారులు అంటారు. ఒకనాడు ఒక పొడుగాటి ఓసేజ్ పెద్దమనిషి వచ్చి, పొయ్యిముందు కూర్చొని, లారా తండ్రితో కలిసి నిశ్శబ్దంగా పైపు కాల్చి, ఏదో మాట అంటాడు. ఆయన మాట్లాడినది ఫ్రెంచి. ఓసేజ్ వారికి ఫ్రెంచి వర్తకులతో తరాల పరిచయం. తండ్రికి ఆ భాష రాదు. ఆయన ఏమి చెప్పాడో పుస్తకంలో ఎవరికీ తెలియదు, మనకూ తెలియదు.

1870 సెప్టెంబరులో డ్రమ్ క్రీక్ అనే వాగు దగ్గర ఓసేజ్ నాయకులు ఆఖరి పట్టీని కూడా వదులుకొంటూ ఒప్పుకోలు చేశారు. ఆ భూమిని ఎకరం డాలరుంపావు చొప్పున కాపురస్తులకు అమ్మారు. ఆ సొమ్ముతో ఓసేజ్ వారు దక్షిణాన, ఇప్పటి ఓక్లహామా రాష్ట్రంలో, చెరకీ తెగ దగ్గర సుమారు పదిహేను లక్షల ఎకరాలు కొనుక్కొన్నారు. కొండలూ రాళ్ళూ ఉన్న నేల. ఇక్కడికైనా తెల్లవాళ్ళు నాగలి పట్టుకొని రారని వాళ్ళ ఆశ. కొన్నేళ్ళకు ఆ రాళ్ళకింద చమురు బయటపడింది! 1920లలో ఆ నూనె డబ్బుకోసం ఎంతోమంది ఓసేజ్ మనుషులను హత్య చేశారు. 2023లో వచ్చిన 'కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్' సినిమా చూసినవారికి ఆ కథ తెలిసే ఉంటుంది. ఆ సినిమాలోని వృద్ధుల తరంవారూ వాళ్ళ పెద్దలూనే, మన నవలలో లారా గుమ్మం ముందు నుంచి గుర్రాలమీద వరసగా సాగిపోయిన మనుషులు.

ఆ సాగిపోయే ఘట్టం నవలకు గుండెకాయ. ఒక రోజంతా ఓసేజ్ కుటుంబాలు ఆ ఇంటిముందునుంచి వెళ్ళిపోతూ ఉంటాయి. గుర్రానికి కట్టిన బుట్టలో ఒక పసిబిడ్డ లారా కళ్ళలోకి చూస్తుంది. ఆ బిడ్డ తనకు కావాలని లారా ఏడుస్తుంది. ఎందుకు ఏడుస్తున్నావని అడిగితే చెప్పలేదు. పెద్దవాళ్ళు కసురుకొంటారు. ఎవరికీ ఆ పూట అన్నం సయించదు. తండ్రి గంభీరంగా గుర్రాలను కట్టి మళ్ళీ నాగలి పట్టుకొంటాడు. ఎందుకో రచయిత్రి చెప్పదు. చెప్పకపోవటమే మంచిదయింది.

ఆ తరువాత కొద్ది రోజులకే, సైనికులు వచ్చి కాపురస్తులను ఖాళీ చేయిస్తారన్న వార్త విని, తండ్రి కోపంతో బండి కడతాడు. నాగలి పొలంలోనే వదిలేస్తారు. ఎవరైనా బాటసారి తలదాచుకోవచ్చునని గడియతాడు బయటికే వేలాడనిచ్చి వెళ్ళిపోతారు. చరిత్రలో కారణం వేరు. విస్కాన్సిన్‌లో వీళ్ళ ఇల్లు కొన్నవాడు డబ్బు కట్టలేకపోయాడు, ఆ ఇంటికే తిరిగి వెళ్ళారు. వాళ్ళు ఉన్నచోటు అని చెప్పుకొనే స్థలంలో ఇప్పుడొక పాతబావి ఉన్నది; 1977లో దుంగల ఇంటి నమూనా ఒకటి కట్టి పెట్టారు.

ఒక్క మాట మారటానికి పద్ధెనిమిదేళ్ళు

ఈ పుస్తకం మొదటి అచ్చులో, ఆ పడమటి దేశంలో మనుషులే లేరు, ఇండియన్లు మాత్రమే ఉన్నారు అన్న అర్థం వచ్చే మాట ఒకటి ఉండేది. 1935 నుంచి ఎందరు చదివారో, ఎందరు పిల్లలకు వినిపించారో! 1952లో ఒక పాఠకురాలు ప్రకాశకులకు ఉత్తరం రాసేదాకా, ఇండియన్లు మనుషులు కారా అన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. సంపాదకురాలికి మొదట నమ్మకం కలగలేదు; పుస్తకం తీసి చూస్తే నిజమే. ఎనభై అయిదేళ్ళ లారా అది తన తప్పేనని ఒప్పుకొని, ఆ ఒక్క మాట మార్చమన్నది. 1953 ముద్రణలో 'మనుషులు' పోయి 'కాపురస్తులు' వచ్చింది.

కాని మాట మార్చినంత తేలికగా మిగతాది మారదు. మంచి ఇండియన్ అంటే చచ్చిన ఇండియనేనన్న పాడు సామెత ఈ పుస్తకంలో ఒక పొరుగావిడ నోట వినిపిస్తుంది. తండ్రి దానిని ఒప్పుకోడు, నిజమే. అయినా 1998లో మిన్నెసోటా రాష్ట్రంలో డకోటా తెగకు చెందిన ఒక పసిపిల్ల, బడిలో టీచరు ఈ పుస్తకం చదివి వినిపించిన రోజు ఏడుస్తూ ఇంటికి వచ్చింది. అమెరికా లైబ్రరీ సంఘంవారు 1954లో లారా పేరుతో ఒక బాలసాహిత్య పతకం నెలకొల్పి మొదటిది ఆమెకే ఇచ్చారు. 2018లో ఆ పతకం పేరు మార్చేశారు. పుస్తకాన్ని మాత్రం సంఘం నిషేధించలేదు. చదవవద్దనీ అనలేదు.

మరి మనమేం చెయ్యాలి? పిల్లల చేతినుంచి లాక్కోవాలా?

నేను ఈ సందేహంలో ఉండగానే పుస్తకం తనంతట తానే జవాబు చెప్పింది. ఇండియన్లను ప్రభుత్వం ఇంకా పడమటికి పంపించేస్తుందని తండ్రి ఒక రాత్రి చెబుతాడు. ఇది వాళ్ళ దేశమే కదా, వాళ్ళకు కోపం రాదా అని లారా అడగబోతుంది. తండ్రి మాట పూర్తి కానివ్వడు. ఇక ప్రశ్నలు చాలు, నిద్రపొమ్మంటాడు.

ఆ పుట చదివి నేను ఆగిపోయాను. మా అమ్మాయి మంచం మీద లేచి కూర్చొని చప్పట్లు కొట్టింది. "నాన్నా! లారా కూడా నాలాగే అడిగింది. వాళ్ళ నాన్న కూడా నీలాగే పడుకోమన్నాడు!"

మా ఆవిడ మడత పెడుతున్న చీర వదిలేసి నావంక చూసింది. తెలుగు లెక్చరరు గారికి ఆ రాత్రి మాట దొరకలేదు.

చింతచెట్టు కింద మనిషి

నిద్ర పట్టక పడుకొని ఉండగా మా నాయనమ్మ జ్ఞాపకం వచ్చింది. మావాళ్ళది తెనాలి ప్రాంతం. 1931లో మంజీర మీద నిజాంసాగరం పూర్తయ్యాక, అక్కడ నీళ్ళున్నాయి, భూమి చవక అని విని, డెల్టాలో ఉన్న కొద్దిపాటి చెక్కా అమ్ముకొని వెళ్ళిన రైతుల్లో మా నాయనమ్మ తండ్రి ఒకడు. ఆ రోజుల్లో అది నిజంగా పరదేశమే. నాణెం వేరు, కచేరీలో భాష ఉర్దూ, ప్రభువు నిజాం. ఆవిడ అప్పటికి ఏడేళ్ళ పిల్ల. రైలు దిగి ఎడ్లబండి ఎక్కటం, పాక వేసుకోవటం, నక్కల కూతలు, చలిజ్వరాలు, క్వినైను చేదు ఆవిడ చెబుతూ ఉంటే మేము నోళ్ళు తెరుచుకొని వినేవాళ్ళం. లారా కథ వింటున్నంతసేపూ నాకు ఆవిడ గొంతే వినిపించటంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఆవిడ ఒక్క కథ మాత్రం తన చివరి రోజుల్లో చెప్పింది. వాళ్ళు కొన్న పొలం గట్టున ఒక చింతచెట్టు ఉండేదట. ఏటా కాయ దిగే రోజుల్లో ఎక్కడినుంచో ఒక ముసలామె వచ్చి ఆ చెట్టు కింద కాసేపు నిలబడేదట. కాయ కొయ్యదు, ఎవరినీ ఏమీ అడగదు. ఒకసారి మా నాయనమ్మ దగ్గరకు వెళ్ళి పలకరిస్తే, ఆ చెట్టు తన మామ నాటినదని చెప్పిందట. పిల్ల పరుగెత్తుకువచ్చి, "ఈ పొలం వాళ్ళదా?" అని అడిగితే, "నీకెందుకే, లోపలికి పో" అన్నారట పెద్దవాళ్ళు.

మావాళ్ళు ఎవరి నేలనూ ఆక్రమించలేదు. పట్టాదారుకు డబ్బిచ్చి, కాగితం రాయించుకొని కొన్నారు. ఇంగాల్స్ కుటుంబానికీ మావాళ్ళకూ ఆ తేడా ఉన్నది. దానిని చెరిపెయ్యటం న్యాయం కాదు. కాని కాగితం మీద పేరున్నవాడు ఒకడూ, నేలను దున్నినవాడు ఒకడూ కావటం ఆ రోజుల్లో మామూలే. పట్టాదారు చేతిలో డబ్బు పడింది. దున్నినవారు ఎటు పోయారో మావాళ్ళు అడగలేదు. తొంభై ఏళ్ళు వచ్చాక కూడా మా నాయనమ్మకు ఆ చెట్టుకింది మనిషి గుర్తున్నదంటే, అడగని ప్రశ్న ఎక్కడికీ పోదన్నమాట.

అందుచేత నాకు తోచినది ఇది. ఈ పుస్తకం పిల్లలకు ఇవ్వండి. కాని ఇచ్చి ఊరుకోకండి, పక్కన కూర్చొని చదవండి. ఇల్లు కట్టటంలోని ఆనందం నిజం. ఆ తల్లిదండ్రుల ప్రేమ నిజం. వాళ్ళు కట్టుకొన్న చోటు మరొకరిదన్నదీ నిజమే. మంచివాళ్ళు కూడా ఇతరుల నేల మీద ఇల్లు కట్టుకోగలరన్నది పిల్లలకు అర్థంకాని విషయం కాదు. మనకే చెప్పటానికి నోరు రాదు. దీని తరువాత లూయీజ్ ఎర్డ్రిక్ అనే రచయిత్రి 1999లో రాసిన 'ది బర్చ్‌బార్క్ హౌస్' కూడా చదివించండి. ఆమెకు ఓజిబ్వే తెగతో రక్తసంబంధం ఉన్నది. 1847 ప్రాంతంలో సుపీరియర్ సరస్సులోని ఒక దీవిలో ఒక ఓజిబ్వే పిల్ల కథ అది. అక్కడ కూడా ఒక చిన్న ఇల్లు, అమ్మా నాన్నా అమ్మమ్మా, పనిపాటలు, ఆటలు, మశూచి తెచ్చిన దుఃఖం ఉన్నాయి. గుమ్మం అవతలి నుంచి చూసినవారిని గుమ్మం లోపలి నుంచి చూస్తాము.

మరునాటి రాత్రి నేను పుస్తకం తెరవలేదు. మా అమ్మాయికి చింతచెట్టు కథ చెప్పాను. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అది అడగలేదు. కాసేపు ఆలోచించి,

"ఆ మామ్మ పేరేమిటి నాన్నా?" అన్నది.

"తెలియదమ్మా. మా నాయనమ్మ చెప్పలేదు. నేనూ అడగలేదు."

"బుట్టలో పాపకి కూడా పేరు లేదు" అన్నది అది.

గడియారం పది కొట్టింది. నేను పడుకోమనలేదు. మా ఆవిడ కూడా అనలేదు. దీపం అలాగే ఉంచి, వచ్చి మంచం మీద దాని పక్కన కూర్చున్నది.